బంపర్ రూల్ చదివే పద్ధతి

అమ్మలూ,

నువ్వు పంపిన మీ రోబో బంపర్ ఫొటో చూశాను, అదే, గుద్దుకున్నప్పుడు దెబ్బ ఆపడానికి రోబో చుట్టూ కట్టే మెత్తటి పట్టీ. గుడ్డ బిగువుగా లాగి కుట్టారు, చాలా బాగుంది. కానీ "పోయినేడు సీనియర్లు ఇలాగే చేశారు తాతయ్యా, ఇన్‌స్పెక్షన్‌లో ఎవరూ ఏమీ అనలేదు" అన్నావు చూడు, నాకు టెన్షన్ అక్కడ మొదలైంది. మీరు ఆడే స్కూలు పిల్లల రోబో పోటీ ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్‌లో 2024 నుంచి 2025కి వచ్చేసరికే బంపర్ రూల్స్ చాలా మారిపోయాయి. పాత అలవాటుతో చదవొద్దు, రాసిన మాటకి ఉన్న అర్థమే తీసుకోండి అని మాన్యువల్ (పోటీ రూల్స్ పుస్తకం) మొదట్లోనే చెప్పారు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో పాత డ్రాయింగ్ గుర్తుపెట్టుకుని ప్లేట్లు కోయించాను. రివిజన్ మారిందని చూసుకోలేదు. అన్నీ తుక్కులోకి పోయాయి. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. అందుకే చెబుతున్నా, సీజన్‌లో రూల్ మార్పులు చెబుతూ వచ్చే టీమ్ అప్‌డేట్‌లు ఒక్కటి కూడా వదలకు.

ఇక ప్లై సంగతి. బంపర్ వెనక ఉండే చెక్క మందం 2024 మాన్యువల్‌లో ముప్పావు అంగుళం 'నామినల్' అని ఉంది. నామినల్ అంటే అమ్మే పేరు, కొలత కాదు. అమెరికాలో ఆ పేరుతో వచ్చే షీటు కూడా నిజానికి 18 మిల్లీమీటర్ల పైచిలుకే ఉంటుంది. కాబట్టి ఇక్కడ 18 మిల్లీమీటర్ల షీటు దొరికిందని కంగారు పడకు. ముందు ఈ ఏడాది మాన్యువల్‌లో ఏ మాట వాడారో చూడు, అనుమానముంటే అధికారిక ప్రశ్నోత్తరాల్లో అడిగించు. పార్టికల్ బోర్డు మాత్రం వద్దు, గుద్దుకున్నప్పుడు స్క్రూ దగ్గర పొడిపొడిగా రాలిపోతుంది. మన సముద్రపు గాలికి మామూలు ప్లై ఉబ్బుతుంది, మెరైన్ ప్లై తీసుకుని అంచులకి వార్నిష్ కొట్టండి.

మాన్యువల్‌లో ఇంగ్లీషు పెద్దక్షరాల్లో కనిపించే ప్రతి మాటకీ చివర గ్లాసరీలో అర్థం ఉంటుంది. 2024లో 'ఫ్రేమ్ పెరిమీటర్' (రోబో చట్రం చుట్టు గీత) అన్న మాట ఉండేది, 2025లో అది 'రోబో పెరిమీటర్' అయింది. ఏ మాటైనా మీ టీమ్ అనుకునే అర్థం కాదు, అక్కడ రాసిందే. నీలం పెట్టెల్లో ఉండేది వివరణ మాత్రమే. దానికీ రూల్‌కీ తేడా వస్తే రూల్‌దే పైచెయ్యి.

ఫిషింగ్ హార్బర్‌లో బోట్లకి పాత టైర్లు కట్టేది ఎందుకో నీకు తెలుసు. దెబ్బ మెత్తటిదానికి తగలాలి. 2024లో బంపర్‌లోని గట్టి భాగం ఫ్రేమ్ దాటి ఒక అంగుళం కంటే బయటకి రాకూడదన్నది కూడా అందుకే. ఇలా కారణం తెలిస్తే బంపర్ బాగా కడతావు. కానీ "ఉద్దేశం ఇదే కదా" అని ఇన్‌స్పెక్టర్‌తో వాదించకు, పేజీ తెరిచి ఆ వాక్యం చూపించు.

ఆదివారం బంపర్ పట్టుకుని ఇంటికి రా. మాన్యువల్ ప్రింట్ కూడా తే. వెర్నియర్, టేపు తీసి ఉంచుతాను, ఒక్కో రూలూ చదువుకుంటూ కొలుద్దాం.

తాతయ్య