ఉత్సవ కమిటీ బాధ్యత చేపట్టిన యువకునికి

చిరంజీవికి ఆశీస్సులు.

మన వీధి వినాయక చవితి కమిటీకి ఈ ఏడాది నిన్ను కార్యదర్శిగా ఎన్నుకున్నారని తెలిసి సంతోషించాను. కుర్రవాళ్ల నడవడి బాగుపడేందుకు మండపంలో రోజూ ఒక ఉపన్యాసం పెట్టించాలనుకుంటున్నావట. మంచిదే. అయితే అంతకంటే ముందు ఒక్కొక్కరికి ఒక్కో పని అప్పగించి, ఆ పనికి నలుగురి ముందు జవాబు చెప్పుకునే ఏర్పాటు చెయ్యి. ఇళ్లలోని పూజను 1893 ప్రాంతంలో పుణేలో లోకమాన్య తిలక్ సార్వజనిక ఉత్సవంగా విస్తరింపజేసింది కూడా జనం కలిసి పనిచేయడం అలవరచుకోవాలనే.

అన్నిటికంటే ముఖ్యం చందాల లెక్క. రసీదు పుస్తకం లేకుండా ఎవరినీ వసూలుకు పంపవద్దు. ఇద్దరిద్దరు కలిసి వెళ్లాలి. ఇచ్చినంత పుచ్చుకుని, ఇవ్వనివారికి కూడా నమస్కారం పెట్టి రావాలి. దుకాణదారు మొహమాటానికో భయానికో ఇచ్చిన పైకం దేవుడి సొమ్ము కాదని నా అభిప్రాయం. ఆ సాయంత్రమే జమాఖర్చుల పుస్తకంలో ఎక్కించి, మర్నాడు పొద్దున్నకల్లా వచ్చిన మొత్తం, పూలకు, కరెంటుకు, ప్రసాదానికి అయిన ఖర్చు మండపం పక్కన బోర్డు మీద రాయించు. ఆ రాత పని పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకే ఇవ్వు. పది రూపాయలు తేడా వస్తే ఎక్కడ పోయిందో తేలేదాకా పెద్దవాళ్లను అడిగి వెతికే పిల్లవాడికి నిజాయితీ అంటే ఏమిటో వేరుగా బోధించనక్కరలేదు.

లడ్డూ వేలం సంగతి. హైదరాబాద్ శివార్లలోని బాలాపూర్‌లో 1994లో వినాయకుడి లడ్డూ తొలి వేలం 450 రూపాయలకు ముగిసింది. నేడది లక్షల్లో సాగుతోంది. అక్కడ నాకు నచ్చేది పాట పెరిగిన తీరు కాదు, ఆ సొమ్మును ఊరి పనులకు వెచ్చించే ఆనవాయితీ. మీరు కూడా వేలానికి ముందే, ఆ డబ్బు బడికా, మంచినీళ్లకా అన్నది తీర్మానించి చదివి వినిపించండి.

పూజకు కావలసిన ఇరవై ఒక్క రకాల పత్రిని బజారులో కట్టగా కొనకుండా, పెద్దవాళ్లను తోడిచ్చి చిన్నపిల్లలను చేలగట్ల వెంట పంపు. ఉత్తరేణి ఏదో, రేగు ఏదో, జమ్మి ఏదో వాళ్లకు తెలుస్తుంది. చెట్టును విరచకుండా నాలుగు ఆకులే కోసుకోవాలని అక్కడే చెప్పించు.

అన్నదానంలో వడ్డన వంతులవారీగా అందరికీ రావాలి, ఆడపిల్లలకూ, ప్రతి వాడ పిల్లలకూ. ఫలానావాళ్లు వడ్డించకూడదనే మాట ఎవరి నోట వచ్చినా, వారు ఎంత పెద్దవారైనా సరే, మర్యాదగానే కాదని చెప్పు. ఈ ఒక్క విషయంలో వెనక్కి తగ్గవద్దు. గుండిగలు తోమే పని కమిటీ సభ్యులే చేయాలి, ముందు నువ్వు.

కరెంటు తీగకు కొక్కెం తగిలించకుండా తాత్కాలిక కనెక్షన్ తీసుకో. రాత్రి కాపలాకు పెద్దవాడొకరు లేకుండా పిల్లలను ఉంచవద్దు. అఖండ దీపం పక్కన ఇసుక బకెట్ ఉండాలి. నిమజ్జనం ఊరేగింపులో తాగినవారికి చోటు లేదని తొలిరోజే చెప్పు.

నిమజ్జనం మర్నాడు చాలామంది కనిపించరు. రాటలు పాతిన గుంతలు పూడ్చడానికి, అద్దె సామాను లెక్కచూసి అప్పగించడానికి, రోడ్డు ఊడవడానికి ఎవరెవరు వచ్చారో గుర్తుంచుకో. వచ్చే ఏడాది కార్యదర్శి పేరు ప్రతిపాదించేటప్పుడు వారిలోనుంచే ఎంచుకో.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి