పాత మారుతి 800ని పొద్దున్నే ఎలా స్టార్ట్ చేయాలి, సెల్లార్‌లో ఎంతసేపు వేడెక్కనివ్వాలి?

మీరు రెండు విషయాలు అడిగారు. నాన్నగారి 1996 మోడల్, కార్బురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) ఉన్న మారుతి 800 వారం కదపకపోతే ఓ పట్టాన స్టార్ట్ అవ్వట్లేదని ఒకటి, స్టార్ట్ అయ్యాక సెల్లార్‌లోనే పది నిమిషాలు ఆన్‌లో ఉంచుతున్నాను, సరిపోతుందా అని ఇంకొకటి. ముందు రెండోదానికే చెప్తాను, ఎందుకంటే దాంట్లో మనుషుల ప్రాణాలున్నాయి. సెల్లార్‌లో అలా ఆన్‌లో వదిలేయడం ఇవాళే ఆపేయండి.

మా ఇంట్లో 1997 మోడల్ 800 ఉంది. హైదరాబాద్ హబ్సిగూడలో అపార్ట్‌మెంట్, పార్కింగ్ నేల కింద, గాలి వచ్చేదల్లా ర్యాంప్ వైపు నుంచే. చాలా ఏళ్ళు నేనూ ప్రతి ఆదివారం పొద్దున చోక్ (చల్లటి ఇంజిన్‌కి పెట్రోల్ పాలు పెంచే నాబ్) లాగి స్టార్ట్ చేసి, పైకెళ్ళి కాఫీ తాగి, పావుగంటకి దిగొచ్చి ఆపేసేవాణ్ణి. బండిని బాగా చూసుకుంటున్నాననే అనుకునేవాణ్ణి. ఒక డిసెంబర్‌లో మా వాచ్‌మన్ భార్య మొహమాటపడుతూ, "సార్, ఐతారం వచ్చిందంటే నాకు తలకాయంత పట్టేసినట్టు ఉంటది, పిల్లోడు గూడ కడుపుల తిప్పుతుందంటడు" అంది. వాళ్ళ గది నా బండి సైలెన్సర్‌కి పదడుగుల దూరంలో ఉంది, పొద్దున వంట వేళకి తలుపు తీసే ఉంటుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డాక్టరెవరూ పరీక్ష చేసి పొగ వల్లే అని చెప్పలేదు గానీ, నేను కింద ఆన్ చేసి ఉంచడం మానేశాక ఆ తలనొప్పి మళ్ళీ రాలేదు.

బండి పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హీమోగ్లోబిన్‌ని అది ఆక్సిజన్ కంటే రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పైగా చోక్ లాగినప్పుడు ఇంజిన్‌కి పెట్రోల్ ఎక్కువ, గాలి తక్కువ వెళ్తాయి, పూర్తిగా మండదు, అందుకే చల్లటి ఇంజిన్ మొదటి నిమిషాల్లోనే ఈ గ్యాస్‌ని ఎక్కువగా వదులుతుంది. కాబట్టి స్టార్ట్ అయిన అర నిమిషంలో బండి ర్యాంప్ ఎక్కి బయటికి వచ్చేయాలి. వీలైతే స్టార్ట్ చేయకముందే ర్యాంప్ మొదటి దాకా తోసుకోండి, సుమారు 650 కిలోల బండి, ఇద్దరుంటే సులువుగా కదులుతుంది.

ఇక స్టార్టింగ్ సంగతి. వారం ఆగితే, ముఖ్యంగా మన ఎండలకి, కార్బురేటర్ గిన్నెలో ఉన్న పెట్రోల్ ఆవిరైపోతుంది. ఈ బండిలో ఫ్యూయల్ పంప్‌ని తిప్పేది ఇంజినే, అంటే సెల్ఫ్ కొడితేనే ట్యాంక్ నుంచి పెట్రోల్ పైకొస్తుంది. అందుకని మొదటి సెల్ఫ్‌కి స్టార్ట్ అవ్వలేదని టెన్షన్ పడకండి, అది గిన్నె నింపడానికే. ఐదారు సెకన్లు కొట్టి ఆపండి, అర నిమిషం ఆగండి, మళ్ళీ ఐదారు సెకన్లు. ఆపకుండా కొడుతూ పోతే సెల్ఫ్ మోటార్ వేడెక్కుతుంది, బ్యాటరీ పడిపోతుంది. ఆ తర్వాత చోక్ పూర్తిగా లాగి, యాక్సిలరేటర్ రెండుసార్లు నిండా తొక్కి వదిలేసి, కాలు తీసేసి సెల్ఫ్ కొట్టండి. న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్ ఎలాగూ చూస్తారు. అన్నిటికంటే ముందు బోనెట్ మీద చేత్తో రెండు దెబ్బలు వేయండి, చలికాలంలో పిల్లులు లోపల దూరి పడుకుంటాయి.

పెట్రోల్ వాసన గుప్పుమంటే ఓవర్‌ఫ్లో అయినట్టు. చోక్ పూర్తిగా లోపలికి నెట్టి, యాక్సిలరేటర్ అడుగు దాకా తొక్కి అలాగే పట్టుకుని సెల్ఫ్ కొట్టండి, గాలి ఎక్కువ వెళ్ళి స్పార్క్ ప్లగ్గులు ఆరతాయి.

ఒక్కటి మాత్రం ఎవరు చెప్పినా చేయనివ్వకండి: సీసాతో కార్బురేటర్‌లో పెట్రోల్ పోయడం. ఒకసారి రోడ్డు పక్కన ఒక మెకానిక్ ఎయిర్ ఫిల్టర్ మూత తీసి మూతెడు పెట్రోల్ పోసి "సెల్ఫ్ కొట్టండి" అన్నాడు, కొట్టాను, బ్యాక్‌ఫైర్ అయి అడుగెత్తు మంట లేచింది. సీసా ఇంకా అతని చేతిలోనే ఉంది. పక్క షాపతను తడి గోనెసంచి పడేయబట్టి ఆరింది, లేకపోతే ఆ చెయ్యి ఏమయ్యేదో. అతని కనుబొమ్మలు మాత్రం కాలాయి. అప్పటి నుంచి డ్రైవర్ సీట్ దగ్గర మంటలార్పే కిలో పౌడర్ ఎక్స్‌టింగ్విషర్ పెట్టుకున్నాను.

స్టార్ట్ అవ్వగానే రేస్ చేయకండి. రాత్రంతా ఆయిల్ కిందికి దిగి ఉంటుంది, పైదాకా చేరడానికి కొద్ది సెకన్లు పడుతుంది. ఎర్రటి ఆయిల్ లైట్ రెండు మూడు సెకన్లలో ఆరాలి, ఆరకపోతే వెంటనే ఆపేసి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీసి చూడండి. డిసెంబర్, జనవరిలో మనకి పొద్దున 12, 13 డిగ్రీలుంటుందేమో, దానికి, అదీ ర్యాంప్ ఎక్కి బయటికొచ్చాకే, అర నిమిషం, మహా అయితే నిమిషం చాలు. చోక్ సగానికి తోసి నెమ్మదిగా బయల్దేరండి, ఇంజిన్ తడబడకుండా తిరుగుతుందనిపించగానే మిగతా సగం కూడా నెట్టేయండి. టెంపరేచర్ ముల్లు లేచేదాకా గట్టిగా లాగొద్దు.

నిలబెట్టి పది నిమిషాలు తిప్పి ఆపేస్తే బండికీ నష్టమే. చోక్‌తో వచ్చే అదనపు పెట్రోల్ సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేస్తుంది, సైలెన్సర్‌లో పేరుకున్న నీరు ఆరిపోయేంత వేడి పుట్టదు, లోపల్నుంచి తుప్పు పడుతుంది, సెల్ఫ్‌కి ఖర్చయిన బ్యాటరీ కూడా సరిగ్గా నిండదు. నేనిప్పుడు ఆదివారం పొద్దున హబ్సిగూడ నుంచి నాగోలు దాకా వెళ్ళొస్తాను, ఇరవై నిమిషాల పైనే పడుతుంది, ముల్లు మధ్యకొస్తుంది. ఇది మొదలుపెట్టాక స్టార్టింగ్ ఇబ్బంది కూడా చాలా తగ్గింది.

ఇవన్నీ చేసినా మొండికేస్తే ఫ్యూయల్ పంప్‌లోని డయాఫ్రమ్ (పెట్రోల్‌ని లాగే పలుచని పొర), ప్లగ్గులు మెకానిక్‌కి చూపించండి. అలాగే పెట్రోల్ వచ్చే రబ్బరు పైపుల్ని బోనెట్ తీసి వేళ్ళతో వంచి చూడండి. ఇప్పుడు బంకుల్లో వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌ని దృష్టిలో పెట్టుకుని ఆ కాలం రబ్బరు చేయలేదు. వంచినచోట సన్నటి పగుళ్ళు కనిపిస్తే, లేదా వేళ్ళకి పెట్రోల్ తడి అంటితే, పైపు మార్చేదాకా సెల్ఫ్ కొట్టకండి.