టెక్సాస్‌లో ఇల్లు కొన్న అబ్బాయికి పెదనాన్న ఉత్తరం

చిరంజీవికి,

పెదనాన్న ఆశీస్సులు. గృహప్రవేశం నాడు అందరూ పాలు పొంగడం చూస్తుంటే నేను నీ డ్రైవింగ్ లైసెన్సు అడిగానని కోడలు ఒకటే నవ్వింది. దాని మీద ఇంకా పాత అపార్ట్‌మెంటు చిరునామాయే ఉంది. ముందు దాన్ని మార్చు. ఇల్లు మారిన 30 రోజుల్లో మార్చుకోవాలన్నది ఎలాగూ చట్టమే. లైసెన్సు మీద ఉన్నదీ, ఇంటిదీ ఒకే చిరునామా కాకపోతే హోమ్‌స్టెడ్ మినహాయింపు, అంటే మనం స్వయంగా ఉండే సొంత ఇంటికి ఇంటి పన్నులో ఇచ్చే తగ్గింపు, దాని దరఖాస్తు తిరిగొస్తుంది. నాది అలాగే వచ్చింది.

ఇంటి కాగితాల మీద సంతకాలు అయిపోగానే ఈ మినహాయింపు కూడా దానంతట అదే వస్తుందని చాలామంది అనుకుంటారు. రాదు, మనమే పెట్టుకోవాలి. అది కూడా పన్ను కట్టించుకునే ఆఫీసులో కాదు, ఇంటి విలువ కట్టే అప్రైజల్ డిస్ట్రిక్ట్‌లో. ఫ్రిస్కో ఊరు కాలిన్, డెంటన్ కౌంటీలు రెండింటిలోనూ ఉంది కదా, మీ ఇల్లు ఏ కౌంటీ కిందికి వస్తుందో చూసుకో. ఫారం నంబరు 50-114. గడువు ఏప్రిల్ 30. అయినా అంతవరకూ ఆగకు. 2022 నుంచి ఇల్లు కొన్న ఏడాదే పెట్టుకునే వీలుంది. హెచ్-1బి మీద ఉన్నావని వెనకాడకు, పౌరసత్వంతో దీనికి పని లేదు.

ఈ దరఖాస్తుకు పైసా ఖర్చు లేదు. కొత్త ఇంటికి సర్కారు ముద్ర లాంటిది వేసుకుని ఒక ఉత్తరం వస్తుంది, ఇంత పంపితే మేమే దాఖలు చేస్తామని. నేను పంపాను. సిగ్గుతో మీ పెద్దమ్మకు చాలాకాలం చెప్పలేదు.

లాభం ఎంతంటావా? 2025 నుంచి స్కూలు పన్ను (ఇంటి పన్నులో బడులకు వెళ్లే భాగం) లెక్కలో ఇంటి విలువలోంచి 1,40,000 డాలర్లు తీసేస్తారు. స్కూలు పన్ను నూటికి ఒక డాలరు చొప్పున వేసుకున్నా ఏడాదికి 1,400 మిగిలినట్టే. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. మినహాయింపు వచ్చిన మరుసటి ఏడాది నుంచి, పన్నుకు లెక్కించే విలువను ఏటా 10 శాతానికి మించి పెంచకూడదు. ఈతకొలను తవ్వించావంటే దాని విలువ మాత్రం విడిగా కలుపుతారు.

మీది కొత్తగా కట్టిన ఇల్లు కాబట్టి ఇంకో మాట. జనవరి 1న ఎలా ఉందో దాన్ని బట్టే ఆ ఏడాది పన్ను. ఆ రోజుకు అక్కడ ఖాళీ స్థలమే ఉంది కనుక మొదటి బిల్లు చిన్నగా వస్తుంది. దాన్ని చూసి మురిసిపోయి సోఫాలు కొనకండి. మరుసటి ఏడు ఇల్లంతటికీ పన్ను పడుతుంది, బ్యాంకు ఎస్క్రో కోసం, అంటే ఆ పన్ను కట్టడానికి మన దగ్గర నెలనెలా తీసి పక్కన పెట్టే సొమ్ము కోసం, నెల వాయిదా పెంచుతుంది.

రేపు ఇంకో ఇల్లు కొని ఇది అద్దెకిస్తే మినహాయింపు వదులుకోవాల్సిందే. భార్యాభర్తలకు కలిపి ఒక్క ఇంటికే. దాచిపెడితే వెనకటి పన్ను కక్కిస్తారు. మీ నాన్న ఆరు నెలలు వచ్చి ఉన్నంత మాత్రాన 65 దాటినవారి రాయితీ మీకు రాదు. ఇంటి హక్కు ఆయన పేరున ఉండి, అదే ఆయన స్థిర నివాసం కావాలి. నాకు మాత్రం వస్తోంది, స్కూలు పన్ను పెరగకుండా ఆగిపోయింది. ముసలితనంలో దొరికిన సుఖం అదొక్కటే!

ఫారం పంపాక అప్రైజల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో మీ ఇంటి పేజీ అప్పుడప్పుడూ తెరిచి, మినహాయింపు ఎక్కిందో లేదో చూసుకో. సంక్రాంతికి వస్తాం. అరిసెల కన్నా ముందు లైసెన్సు చూపించాలి, కోడలిది కూడా.

పెదనాన్న