బొండం నీళ్ళు పడితే చాలదా డాక్టరమ్మా?

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారమండి. మాది రాజోలు దగ్గర లంక ఊరండి, పాయ దాటి రావాలి. మా అమ్మాయి కొడుక్కి పదకొండు నెలలు, ఎనిమిది కేజీలుంటాడు. కాలవలకి కొత్త నీరొచ్చిన వారంలోనే వాడికి నీళ్ళ విరేచనాలు పట్టుకున్నాయండి, దానికి తోడు వాంతులు. పళ్ళొచ్చేటప్పుడు ఇలాగే అవుద్ది, పాలు ఆపేయండి అన్నారు పక్కవాళ్ళు. మేం పాలు ఆపేసి మా చెట్టు బొండాలే కొట్టించి ఆ నీళ్ళు పట్టాం. రెండో రోజు సాయంత్రానికి మాడు పల్లం పడిపోయింది, ఆముదం పెట్టాను. రాత్రి అసలు ఏడవలేదు, పోనీలే నిద్ర పట్టింది అనుకున్నాం. తెల్లారి చూస్తే లేపినా లేవట్లేదండి, పడవ మాట్లాడుకుని ఆసుపత్రికి పరిగెత్తాం, సెలైన్ ఎక్కించారు. దేవుడి దయ వల్ల ఇప్పుడు బానే ఆడుకుంటున్నాడు. కానీ నాకు బెంగ తీరట్లేదు. ముందే ఎలా గుర్తుపట్టాలి? బొండం నీళ్ళు మంచివే కదా, ఎందుకు చాలలేదు? వాంతి చేసుకునే పిల్లాడికి ఓఆర్ఎస్ ఎలా పట్టాలి?
– ఒక అమ్మమ్మ, కోనసీమ

జవాబు: అమ్మగారూ, మనవడు కోలుకున్నాడు, అది చాలా సంతోషం. మీరు రాసిందాంట్లో నన్ను ఎక్కువ భయపెట్టింది విరేచనాలు కాదండి, "రాత్రి అసలు ఏడవలేదు" అన్న ఆ మాట. జబ్బు చేసిన పసిబిడ్డ చిరాగ్గా ఏడుస్తూ నీళ్ళ గ్లాసు చూడగానే మీదకి దూకుతుంటే ఒంట్లో నీరు తగ్గుతోంది అని అర్థం, మనం ఇంట్లో పట్టి నిలబెట్టుకోగలం. అదే బిడ్డ మెత్తబడిపోయి, స్పూను నోటి దగ్గర పెట్టినా తాగకుండా మగతగా పడుంటే అది నిద్ర కాదు, చాలా నీరు పోయిందని అర్థం. ఇక ఇంట్లో కూర్చోకూడదు. ఏడుపు ఆగింది కాబట్టి తగ్గింది అనుకోవడం మన ఇళ్ళల్లో చాలా ఎక్కువండి, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

చాలామంది మోషన్స్ ఎన్నిసార్లు అని లెక్కపెడతారు, నేనైతే ముందు ఉచ్చ ఎప్పుడు పోశాడు అని అడుగుతాను. ఆరు గంటలుగా లంగోటా తడవలేదంటే అనుమానించాలి, వచ్చినా కొంచెమే, బాగా పచ్చగా వస్తే కూడా అంతే. డైపర్ వేస్తే నీళ్ళ విరేచనం ఏదో ఉచ్చ ఏదో తెలీదు, అందుకే ఆ రెండ్రోజులూ పాత చీరముక్క లంగోటాలే కట్టండి. ఏడిస్తే కన్నీళ్ళు వస్తున్నాయా, నోట్లో వేలు పెడితే నాలిక తడిగా ఉందా జిగటగా ఉందా చూడండి. కళ్ళు లోపలికి పోయాయా అన్నది మాత్రం తల్లి చెప్పాలి, రోజూ చూసే మొహం కాబట్టి మాకంటే ఆవిడకే ముందు తెలుస్తుంది.

ఇంకో పరీక్ష ఉంది, మీరే చెయ్యొచ్చు. బిడ్డని పడుకోబెట్టి బొడ్డుకీ పక్క డొక్కకీ మధ్యలో చర్మాన్ని బొటనవేలు చూపుడువేలుతో, ఒంటి పొడుగు వైపే మడతలా పట్టి ఒక్క క్షణం ఉంచి వదిలేయండి. టక్కున సర్దుకుంటే పర్లేదు. ఆ మడత నెమ్మదిగా దిగిందంటే నీరు తగ్గింది, రెండు సెకన్లు దాటినా మడత అలాగే కనపడుతుంటే చాలా తగ్గిపోయింది. మరీ బొద్దుగా ఉన్న పిల్లల్లో, బాగా బక్కచిక్కిన పిల్లల్లో ఇది తేడాగా కనపడొచ్చు, అందుకే దీన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు.

మాడు సంగతి. ఒంట్లో నీరు తగ్గితే మాడు పల్లం పడుతుంది, ఆముదం అక్కడ పైనే ఉంటుంది కానీ ఆ పల్లాన్ని నింపదు. మీరు పెట్టడం వల్ల చెడేం జరగలేదు, కానీ పల్లం కనపడిన సాయంత్రమే బయల్దేరాల్సిందండి. పళ్ళొచ్చేటప్పుడు పిల్లలు కిందపడిందల్లా నోట్లో పెట్టుకుంటారు, విరేచనాలు ఆ మురికి వల్ల వస్తాయి, పళ్ళ వల్ల కాదు.

ఇంక బొండం నీళ్ళు. మన కోనసీమలో బొండాన్ని తప్పు పడితే ఊరుకోరు, నేనూ తప్పు పట్టను. కాకపోతే విరేచనాల్లో ఎక్కువగా పోయేది నీరూ ఉప్పూ, బొండం నీళ్ళల్లో ఉప్పు చాలా తక్కువ, పొటాషియం ఎక్కువ. కొంచెం లూజుగా వెళ్తూ ఆడుకుంటున్న పిల్లాడికి మధ్యమధ్యలో పట్టొచ్చు, ఉప్పేసిన గంజి, పల్చటి మజ్జిగ కూడా ఇవ్వొచ్చు, కానీ నీరు తగ్గిన గుర్తులు కనపడ్డాక బొండం ఒక్కటే అంటే చాలదు, అప్పుడు ఓఆర్ఎస్సే. ఎందుకంటే పేగు ఎంత చెడినా గ్లూకోజు, ఉప్పు కలిసి వెళ్తే పీల్చుకునే దారి మాత్రం పనిచేస్తూనే ఉంటుంది, వాటి వెనకే నీరూ లోపలికి వెళ్తుంది. ఆ రెండూ సరైన పాళ్ళల్లో ఉండాలి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం అప్పుడు శరణార్థుల శిబిరాల్లో కలరా వస్తే, సెలైన్లు అయిపోయి డాక్టర్ దిలీప్ మహలనబిస్ గారు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పెట్టించి రోగుల ఇంట్లోవాళ్ళ చేతే తాగించారు, దాదాపు 30 శాతం ఉన్న చావులు 4 శాతం లోపుకి వచ్చాయి. అంటే పట్టింది డాక్టర్లు కాదండి, మీలాంటి అమ్మమ్మలూ అమ్మలే.

కలపడం దగ్గరే తప్పులు జరుగుతాయి. పెద్ద ప్యాకెట్ 20.5 గ్రాములుంటుంది, అది మొత్తం ఒకేసారి సరిగ్గా ఒక లీటరు నీళ్ళల్లో వేసెయ్యాలి. కాచి చల్లార్చిన నీళ్ళు, కొలతకి లీటరు మంచినీళ్ళ సీసా కడిగి వాడుకోండి. సగం ప్యాకెట్ గ్లాసులో వేసి కలపడం చాలా ప్రమాదం, ఉప్పు ఎక్కువైపోతుంది. గ్లాసుకే కావాలంటే 200 మిల్లీలీటర్లకి సరిపోయే చిన్న ప్యాకెట్లు దొరుకుతాయి. పంచదార, పాలు ఏవీ కలపొద్దు, కలిపాక మళ్ళీ కాచొద్దు, 24 గంటలు దాటితే మిగిలింది పారబోసి కొత్తది కలపండి.

నీరు తగ్గిన గుర్తులున్నా తాగగలుగుతున్న బిడ్డకి కేజీకి 75 మిల్లీలీటర్ల లెక్కన నాలుగు గంటల్లో పట్టాలి, మీ వాడికైతే 600, అంటే మూడు గ్లాసులు. గ్లాసుతో ఒకేసారి పట్టేస్తే వాంతి చేసుకుంటాడు. టీస్పూనుతో, ఒక్కో స్పూను 5 మిల్లీలీటర్లు, రెండు నిమిషాలకోటి చొప్పున పట్టండి, గంటకి 150, నాలుగు గంటలకి 600 వచ్చేస్తుంది. చెయ్యి నొప్పెడుతుంది, ఇంట్లోవాళ్ళు వంతులేసుకోండి. వాంతి చేసుకున్నాడా, పది నిమిషాలు ఆగి ఇంకా నెమ్మదిగా మళ్ళీ మొదలెట్టండి, చేసుకున్నా ఎంతో కొంత లోపల ఉండిపోతుంది. ఆ తర్వాత విరేచనం అయిన ప్రతిసారీ రెండేళ్ళ లోపు పిల్లలకి 50 నుంచి 100 మిల్లీలీటర్లు. తల్లిపాలు అసలు ఆపకూడదు, ఇంకా ఎక్కువసార్లు ఇవ్వాలి, మెత్తటి పప్పన్నం కూడా కొంచెం కొంచెంగా పెట్టండి.

మగతగా ఉన్నా, తాగలేకపోతున్నా, తాగిందంతా కక్కేస్తున్నా, విరేచనంలో రక్తం పడినా, ఫిట్స్ వచ్చినా వెంటనే 108కి ఫోన్ చెయ్యండి, ఆరు నెలల లోపు బిడ్డని అయితే ఈ గుర్తుల కోసం ఆగకుండా ముందే చూపించండి. మీలాంటి లంక ఊళ్ళవాళ్ళకి నేను చెప్పేది కొంచెం వేరు, పట్నంలోవాళ్ళు రాత్రి పది దాకా చూడొచ్చేమో, మీరు మధ్యాహ్నానికి ఓఆర్ఎస్ నిలవట్లేదంటే ఎండ ఉండగానే రేవు దాటేయండి, రాత్రిపూట పడవ కోసం ఎవర్ని లేపుతారు? దార్లో కూడా స్పూను ఆపొద్దు, మగతగా ఉంటే మాత్రం నోట్లో పొయ్యొద్దు, పొరబోతుంది. వరద రోజుల ముందే ఆశా కార్యకర్త దగ్గర ప్యాకెట్లు తెచ్చి ఇంట్లో పెట్టుకోండి.

ప్రశ్న: మేడమ్, మా పాపకి రెండేళ్ళు. మోషన్స్ అయితే షాపులో అట్టపెట్టెలో రెడీమేడ్ ఓఆర్ఎస్ అని ఇచ్చారు, తియ్యగా ఉందని ఇష్టంగా తాగింది, మోషన్స్ మాత్రం పెరిగాయి. ఎందుకు?
– ఒక నాన్న, భీమవరం

జవాబు: తియ్యగా ఉందన్నారు చూడండి, అక్కడే ఉంది బాబూ. పంచదార మరీ ఎక్కువైతే అది పేగులోకి నీటిని లాగుతుంది, విరేచనం ఇంకా పెరుగుతుంది. కూల్‌డ్రింకులు, ప్యాకెట్ జ్యూసులు, ఒట్టి గ్లూకోజు పొడి, అన్నీ ఇదే బాపతు. హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఇలాంటి తియ్యటి డ్రింకులకి ఓఆర్ఎస్ అని పేరు పెట్టడం మీద ఏళ్ళ తరబడి పోరాడారు, 2025 అక్టోబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే ఆహార పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ, ఈ డ్రింకుల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశాలిచ్చింది. మీరు చూడాల్సింది ప్యాకెట్ వెనక: లీటరుకి సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9. డబ్ల్యూహెచ్ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) ఫార్ములా అని కూడా రాసి ఉంటుంది. రుచి కొంచెం ఉప్పగా ఉంటుంది, పాప మొహం తిప్పుకుంటే స్పూను స్పూనుగా పట్టండి.

ప్రశ్న: అంగన్వాడీలో జింక్ బిళ్ళలిచ్చారు, విరేచనాలు మూడో రోజుకే ఆగిపోయాయి, ఇంకా వెయ్యాలాండి?
– ఒక అమ్మ, పాలకొల్లు

జవాబు: వెయ్యాలమ్మా, 14 రోజులూ వెయ్యాలి. ఇప్పటి విరేచనాలు త్వరగా తగ్గడానికే కాదు, తర్వాత రెండు మూడు నెలలు మళ్ళీ పట్టుకోకుండా కూడా సాయపడుతుంది. ఆరు నెలలు దాటిన బిడ్డకి రోజుకి 20 మిల్లీగ్రాములు, రెండు నెలల నుంచి ఆరు నెలల లోపు అయితే 10, బిళ్ళ 20ది కాబట్టి సగం. చిన్న బిడ్డకైతే స్పూనుడు తల్లిపాలల్లో, పెద్దయితే నీళ్ళల్లో కరిగించి పొయ్యండి.