రాత్రి ఏడు గంటల కరెంటు: ఒక యువ రచయిత్రికి లేఖ

చి. సౌజన్యకు,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. అణు విద్యుత్తు వద్దు, సౌర విద్యుత్తే ముద్దు అని రాశావు. భాష బాగుంది, కోపం నిజమైనది. అయితే శ్రీకాకుళం జిల్లాలో అణు కేంద్రం పెడతామంటున్న కొవ్వాడ పేరు మూడుచోట్ల వచ్చింది గానీ కొవ్వాడ మనిషి ఒక్కడూ కనపడలేదు. కర్నూలు సోలార్ పార్కును ఎంతో మెచ్చుకున్నావు, అక్కడ పొద్దుగూకాక ఏమవుతుందో మాత్రం రాయలేదు. ఈ రెండు ఖాళీల గురించే ఈ ఉత్తరం.

ముందు లెక్క సంగతి. నేను ఈ విషయం మీద రాసిన మొదటి వ్యాసంలో మెగావాట్లనూ యూనిట్లనూ కలిపేశాను. రిటైరైన ఒక ఇంజనీరు గారు ఇంటికి పిలిచి, కాఫీ ఇచ్చి, కాగితం మీద లెక్క వేసి చూపించారు. ఆ రోజు సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. నీ వ్యాసంలోనూ అదే తప్పు ఉంది. వెయ్యి మెగావాట్ల అణు కేంద్రం సవ్యంగా నడిస్తే ఏడాదికి 700 కోట్ల యూనిట్లకు పైగా ఇస్తుంది. వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు నుంచి వచ్చేది 200 కోట్లకు అటూ ఇటూగా ఉంటుంది, ఎందుకంటే సూర్యుడు పన్నెండు గంటలే ఉంటాడు, అందులోనూ నడినెత్తిన ఉండేది కాసేపే. మెగావాట్లు అంటే బండి ఎంత వేగంగా పోగలదు అని. యూనిట్లు అంటే ఏడాదిలో ఎంత దూరం పోయింది అని. సోలార్ కంపెనీలు మొదటిది చెప్పి ఊరుకుంటాయి. అణు విద్యుత్తు వాళ్లు రెండోది చెప్తారు, ఆ బండి తయారవడానికి ఎన్నేళ్లు పట్టిందో చెప్పరు.

ఇక రాత్రి ఏడు గంటల మాట. ఫ్యాన్లు, టీవీలు, వీధి దీపాలు, అపార్ట్‌మెంట్ల లిఫ్టులు అన్నీ ఒకేసారి లాగే వేళకు సోలార్ పలకలు నిద్రపోయి ఉంటాయి. అప్పుడు మన ఇళ్లు వెలిగేది ఎక్కువగా బొగ్గు మీదే. దేశంలో పుట్టే కరెంటులో ఇప్పటికీ నూటికి డెబ్బై పాళ్ల దాకా బొగ్గుదే. అణువా, సూర్యుడా అని మనం పత్రికల్లో పోట్లాడుకుంటుంటే రామగుండం, సింహాద్రి పొగగొట్టాలు నిశ్చింతగా ఉన్నాయి. నీ వ్యాసంలో బొగ్గు అన్న మాటే లేదు. దాన్ని మొదటి పేరాలోకి తీసుకురా.

పగటి కరెంటును రాత్రికి దాచే దారులు లేకపోలేదు. శ్రీశైలం ఎడమగట్టు పవర్ హౌస్‌లోని ఆరు టర్బైన్లు నీటిని కింది నుంచి పైకి తోడగలవు కూడా. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ, అంటే పగలు నీటిని పైకి తోడి రాత్రి కిందికి వదిలి కరెంటు తీసే కేంద్రం, కట్టింది ఈ పనికే. వీటి గురించి రాయకుండా సోలార్‌ను పొగిడితే చదివేవాడు ఒక్క ప్రశ్నతో నిన్ను పడగొడతాడు.

కొవ్వాడకు వద్దాం. అక్కడ అణు కేంద్రానికి 2009లో కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 2016లో అమెరికా కంపెనీ వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లు ఆరు అక్కడే అన్నారు. మరుసటి ఏడాది మార్చిలో ఆ కంపెనీయే అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది. అదే రకం రియాక్టర్లు రెండు జార్జియా రాష్ట్రంలోని వోగెల్‌లో కట్టారు. అనుకున్నదానికంటే ఏడేళ్లు ఆలస్యమై 2023లో ఒకటి, 2024లో ఇంకొకటి నడక మొదలుపెట్టాయి. ఖర్చు 1400 కోట్ల డాలర్ల అంచనా నుంచి 3000 కోట్లు దాటింది. చైనాలోని సాన్‌మెన్‌లో అదే నమూనా 2018లోనే నడిచింది, ఆ మాటా రాయి, దాచిపెట్టకు.

కానీ కొవ్వాడ అసలు కథ ఈ అంకెల్లో లేదమ్మా. నేను వెళ్లినప్పుడు ఒక పెద్దాయన తన ఇంటి గోడ చూపించాడు. పెచ్చులూడిపోయింది. బాగుచేయించుకుంటే రేపు ఊరు ఖాళీ చేయమంటారేమో, చేయించకపోతే ఈ వానకు పడిపోతుందేమో. భూమి పోతే ఒక బాధ. పోతుందో పోదో తెలియక ఏళ్లు గడపడం వేరే బాధ. ఈ రెండోదానికి ఏ చట్టంలోనూ పరిహారం లేదు.

అలాగని సోలార్‌కు ఆ బాధ లేదనుకోకు. అనంతపురం పక్కనే కర్ణాటకలో పావగడ ఉంది, అక్కడా తెలుగు వినపడుతుంది. దాదాపు 13,000 ఎకరాలు రైతుల దగ్గర కౌలుకు తీసుకుని పార్కు పెట్టారు. ఎకరాకు ఏటా 21,000 రూపాయలతో మొదలైంది. కరువు సీమలో పట్టా ఉన్న రైతుకు అది నిలకడైన ఆదాయం. ఆ పొలాల్లో కూలికి వెళ్లిన మనిషికి ఏం వచ్చింది? అది అడిగి రాయి.

ఇంకొక్కటి. అణు విద్యుత్తులో పనిచేసేవాళ్లను దుర్మార్గుల్లా చూపించావు. ఆ పేరా కొట్టెయ్. కర్ణాటకలోని కైగా అణు కేంద్రంలో ఒకటో నంబరు రియాక్టరు 2018 చివరి దాకా 962 రోజులు ఒక్కసారి కూడా ఆగకుండా నడిచి అప్పటికి ప్రపంచ రికార్డు సాధించింది. అందులో కాలిన ఇంధనం మన హైదరాబాద్‌లో, న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌లో తయారైనదే. జపాన్‌లో ఫుకుషిమా అణు ప్రమాదం తర్వాత భయపడేవాళ్ల భయం నిజం, వీళ్ల శ్రద్ధా నిజం. కడప జిల్లా తుమ్మలపల్లి యురేనియం గని దగ్గర బోరు నీళ్ల గురించి రైతులు చేస్తున్న ఫిర్యాదులూ నిజమే.

నా పక్షం అడిగావు కాబట్టి చెప్తాను. నడుస్తున్న అణు కేంద్రాలను మూయకూడదు, మూస్తే ఆ చోటు బొగ్గుకే పోతుంది. 2047కి లక్ష మెగావాట్ల అణు విద్యుత్తు అని 2025 బడ్జెట్‌లో చెప్పిన లక్ష్యం మీద నాకు నమ్మకం తక్కువ. మన రాష్ట్రం డబ్బూ పట్టుదలా ముందు పంప్డ్ స్టోరేజీ మీద, బ్యాటరీల మీద పెట్టాలని నా గట్టి అభిప్రాయం. నువ్వు నాతో ఏకీభవించనక్కర్లేదు.

రణస్థలం దాకా బస్సు ఉంది, అక్కణ్ణించి ఆటో. పొద్దున్నే వేట నుంచి పడవలు వచ్చే వేళకు ఉండు. వెళ్లగానే ప్రశ్నలు మొదలుపెట్టకు, కాసేపు కూర్చో. ఆ పెద్దాయన గోడ ఇంకా నిలబడి ఉందో లేదో కూడా చూసి, రెండో ప్రతితో పాటు నాకు రాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు