దేవుడితో పోట్లాడు, మాట మాత్రం మానేయకు

అమ్మా సునీతా,

పెద్దమ్మ దీవెనలు. ఆదివారం రాత్రి నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. అల్లుడికి వారానికి మూడు డయాలసిస్‌లు, నువ్వు మోకరిస్తే నోరు పెగలడం లేదు, విశ్వాసం పోయిందేమో అన్నావు. పోలేదమ్మా. పోయినవాళ్లకి ఆ టెన్షన్ ఉండదు.

మీ పెదనాన్న పోయిన ఏడు నేను ఐదు నెలలు చర్చి గడప తొక్కలేదు. ఇది మీ అమ్మకి కూడా తెలియదు. వచ్చినవాళ్లంతా 'దేవుని చిత్తం' అనేవారు. ఆ మాట వింటే ఒళ్లు మండేది, ఇప్పటికీ మండుతుంది. మన సంఘంలోని ఒక ముసలామె మాత్రం ప్రతి శనివారం సాయంత్రం వచ్చి, చేట ముందేసుకుని బియ్యంలో రాళ్లు ఏరి, కాఫీ తాగి వెళ్లిపోయేది. ప్రార్థన చేయమంటావా అని కూడా అడగలేదు. బైబిల్లో పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు దగ్గరికొచ్చిన స్నేహితులు కూడా మొదటి ఏడు రోజులు ఏమీ మాట్లాడకుండా పక్కన కూర్చున్నారు. నోరు తెరిచాకే చెడగొట్టారు.

అందుకే చెబుతున్నా, కోపముంటే దేవుడితోనే పోట్లాడు. పదమూడో కీర్తన తియ్యి. ఆరే వచనాలు. ఎన్నాళ్లు నన్ను మరచిపోతావని దావీదు నిలదీస్తాడు. అదీ చాలదనిపించిన రోజు ఎనభై ఎనిమిదోది చదువు. అది చీకటితోనే ఆగిపోతుంది, చివర్లో ఓదార్పు లేదు. దాన్ని కూడా బైబిల్లో ఉంచారంటే నీ ఏడుపుకీ అందులో చోటున్నట్టేగా. వేళ మాత్రం తప్పకు. నేను పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగేలోపు ఒక కీర్తన పైకి చదివేదాన్ని. మనసు అక్కడ ఉండేది కాదు. మళ్లీ ఎప్పుడు వచ్చిందో నాకే తెలియదు.

ప్రవక్త ఏలీయా అలిసిపోయి ఇక చావు ఇవ్వమని దేవుణ్ణి అడిగితే దేవదూత వాక్యం చెప్పలేదు, రొట్టె తినమన్నాడు, పడుకోనిచ్చాడు. నీకిప్పుడు ఉపవాసాలు వద్దు. తిను, నిద్రపో.

కానుక పంపితే కిడ్నీలు బాగవుతాయనీ, మందులు మానడమే విశ్వాసమనీ చెప్పేవాళ్ల ఫోన్ ఎత్తకు. అపొస్తలుడు పౌలు తన ఒంట్లో ముల్లు అని చెప్పుకున్న బాధని తీసెయ్యమని దేవుణ్ణి మూడుసార్లు వేడుకున్నాడు. తియ్యలేదు. పౌలుకి విశ్వాసం తక్కువై కాదుగా!

మన ఒంగోలు సంగతి చిన్నప్పుడు చెప్పాను, గుర్తుందా? 1876-78 కరువులో మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత పని కాంట్రాక్టు తీసుకుని పల్లెల జనానికి కూలి ఇప్పించాడు. బాప్తిస్మం ఇమ్మని వాళ్లు అడుగుతున్నా, కూటి కోసం వస్తున్నారేమోనని అప్పుడు ఇవ్వలేదు. కరువు సాయం ఆగాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. అందరూ ఆ అంకె చెప్పుకుంటారు. నాకు మాత్రం కూలీ గింజలూ అయిపోయాక కూడా వాళ్లు నడిచి రావడమే గుర్తుంటుంది.

ఆదివారం చర్చికి వెళ్లు, వెనక బెంచీలో కూర్చో. దేవుడు చేసిన మేలు గురించి అందరి ముందూ సాక్ష్యం చెప్పమంటే ఇప్పుడు కాదని చెప్పెయ్. ప్రార్థన చేస్తాం అన్న అక్కలకి పని కూడా అప్పజెప్పు: ఒకరు పిల్లల్ని స్కూలు నుంచి తెస్తారు, ఒకరు ఆసుపత్రిలో రెండు గంటలు కూర్చుంటారు. అడగడానికి నీకు నామోషీ, మా తోడబుట్టినదాని పోలికే. అది మానుకో.

అల్లుడి ఆరోగ్యం ఎలా ఉంటుందో నేను చెప్పలేను. వచ్చే బుధవారం రాత్రి బస్సుకి బయల్దేరుతున్నాను, నెల రోజులు ఉంటాను. గోంగూర పచ్చడి తెస్తున్నా, నీకూ పిల్లలకీ. ఆయనకి పెట్టకు, డాక్టరు ఒప్పుకోడు. ఇంట్లో చేట లేకపోతే ఇప్పుడే చెప్పు, అది కూడా తెస్తాను.

ప్రేమతో,
పెద్దమ్మ