కార్డు కంటే ముందు పోర్టు చూడండి

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ల్యాప్‌టాప్‌లో గేమ్స్ ఆడటం గురించే ఉన్నాయి. వాటిలో కొన్నిటిని ఒకచోట తీసుకుంటున్నాను.

ప్రశ్న: వరంగల్‌లో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. నా ల్యాప్‌టాప్‌లో 11వ తరం కోర్ ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ ఉన్నాయి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. వాలరెంట్ ఫర్వాలేదు గానీ జీటీఏ 5 ఆగి ఆగి నడుస్తోంది, సైబర్‌పంక్ 2077 అయితే ఆడేలాగే లేదు. గ్రాఫిక్స్ కార్డును ఒక డబ్బాలో పెట్టి ల్యాప్‌టాప్‌కి బయటినుంచి తగిలించుకోవచ్చని విన్నాను. ఇంట్లో అన్నయ్య పాత డెస్క్‌టాప్ మూలన పడి ఉంది. అందులోని ఆర్‌టీఎక్స్ 3060 కార్డు తీసుకోమన్నాడు. డబ్బా ఒక్కటి కొంటే సరిపోతుందా?

జవాబు: కార్డు ఊరికే వస్తోందంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. అయినా డబ్బాకి ఆర్డర్ పెట్టకముందే ల్యాప్‌టాప్‌ను పక్కకు తిప్పి, టైప్-సి పోర్టు దగ్గర ఏ గుర్తు ముద్రించారో చూడండి. సగం సంగతి అక్కడే తేలిపోతుంది. బాణం మొన ఉన్న మెరుపు గుర్తయితే అది థండర్‌బోల్ట్, అంటే ఈ డబ్బాలకు కావలసిన వేగమైన పోర్టు. బ్యాటరీ బొమ్మ మీద మెరుపు ఉంటే మాత్రం అది చార్జింగ్‌కి సంబంధించిన గుర్తు. ఈ రెండూ ఒకటే అనుకుని డబ్బా కొనేసి, తర్వాత తిప్పి పంపలేక నాకు మెయిల్ రాసినవాళ్లున్నారు. ఎస్ఎస్ అక్షరాల పక్కన 5 లేదా 10 అని ఉంటే అది మామూలు యూఎస్‌బీ. దానికి ఈ డబ్బాలు పనిచేయవు, మధ్యలో ఏ అడాప్టరు పెట్టినా అంతే.

మీది 11వ తరం ప్రాసెసర్ కాబట్టి ఒక చిక్కుంది. ఆ తరం పలుచటి ల్యాప్‌టాప్‌ల కోసం చేసిన చిప్‌లోనే థండర్‌బోల్ట్ 4 ఉంటుంది. కానీ తయారీ కంపెనీ దాన్ని పోర్టు దాకా తెచ్చి ఉండాలి. ధర తగ్గించడానికి చాలా మోడళ్లలో ఆ పని చేయలేదు. అందుకే ప్రాసెసర్ పేరు చూసి నిర్ణయానికి రావద్దు. ల్యాప్‌టాప్ అడుగున ఉన్న పూర్తి మోడల్ నంబరుతో కంపెనీ సైట్‌లో వెతికి, ‘థండర్‌బోల్ట్ 4’ అన్న మాట కంటికి కనిపిస్తేనే ముందుకెళ్లండి.

పోర్టు ఉందనుకుందాం. ఇప్పుడు దారి ఎంత వెడల్పో చూడాలి. డెస్క్‌టాప్‌లో మీ అన్నయ్య కార్డు 16 లేన్ల (డేటా నడిచే దారుల) పీసీఐఈ 4.0 స్లాటులో, అంటే మదర్‌బోర్డు మీద కార్డు గుచ్చే చోట కూర్చుంటే సెకనుకు 32 జీబీ దాకా డేటా అందుకోగలదు. థండర్‌బోల్ట్ 4 మొత్తం వేగం 40 జీబీపీఎస్ (ఇది సెకనుకు గిగాబిట్ల లెక్క, ఎనిమిది బిట్లయితే ఒక బైటు). అందులో గ్రాఫిక్స్ కార్డు వాటాకు వచ్చేది 32 జీబీపీఎస్, అంటే సెకనుకు మహా అయితే 4 జీబీ. ఎనిమిదో వంతు! మరి గేమ్ కూడా ఎనిమిదో వంతు వేగంతోనే నడవాలి కదా అంటే, అలా జరగదు. గేమ్‌కి కావలసిన బొమ్మల సరంజామా అంతా మొదట్లోనే కార్డు సొంత మెమరీలోకి చేరుతుంది. ఆ తర్వాత కేబుల్ మీద వెళ్లేవి ఎక్కువగా ప్రాసెసర్ ఇచ్చే ఆదేశాలే. చిక్కల్లా ఆ మెమరీ నిండిపోయినప్పుడే వస్తుంది. నిండితే ప్రతి కొత్త దృశ్యానికీ ఆ ఇరుకు దారిలోంచే సరుకు మోయాలి, అప్పుడు గేమ్ కుదుపులు పడుతుంది. ఆర్‌టీఎక్స్ 3060లో 12 జీబీదీ ఉంది, 8 జీబీదీ ఉంది. డెస్క్‌టాప్‌లో ఈ తేడాను కొంతవరకు సర్దుకోవచ్చు. బయటి డబ్బాలో పెట్టేటప్పుడు మాత్రం 12 జీబీ కార్డుకే నా ఓటు.

ఇంకో సంగతి వింటే తలకిందులుగా అనిపిస్తుంది. వాలరెంట్ లాంటి తేలికైన గేమ్‌కే ఈ ఏర్పాటు వల్ల లాభం తక్కువ. సెకనుకు రెండు వందల ఫ్రేములు గీయాలంటే రెండు వందల సార్లు కేబుల్ మీద ఆదేశాలు నడవాలి. పైగా అలాంటి గేమ్‌లో భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది. సైబర్‌పంక్ లాంటి బరువైన గేమ్‌లో కార్డు ఒక్కో ఫ్రేము గీయడానికే ఎక్కువ సమయం తీసుకుంటుంది కాబట్టి కేబుల్ ఇరుకు అంతగా తెలియదు. రిజల్యూషన్ 1440పీకి పెంచితే డెస్క్‌టాప్‌కీ దీనికీ మధ్య తేడా ఇంకా తగ్గుతుంది.

ఆడటం కూడా ల్యాప్‌టాప్ తెర మీద కాదు, కార్డుకే నేరుగా తగిలించిన మానిటర్ మీద ఆడాలి. ఇది నేను స్వయంగా చూసి నమ్మిన విషయం. స్నేహితుడి ఇంట్లో జీటీఏ 5 పెట్టి లాస్ శాంటోస్ వీధుల్లో కారు తోలుతున్నాం. ల్యాప్‌టాప్ తెర మీద మలుపు తిరిగినప్పుడల్లా పక్క భవనాలు ఒక్క అర క్షణం తడబడుతున్నాయి. ఏ సెట్టింగూ ముట్టుకోకుండా డబ్బా వెనకనుంచి హెచ్‌డీఎంఐ కేబుల్ లాగి పక్కనున్న మానిటర్‌కి పెట్టాం. ఆ తడబాటు పోయింది. కార్డు గీసిన బొమ్మ ల్యాప్‌టాప్ తెర మీదికి రావాలంటే, ఆదేశాలు వెళ్లే కేబుల్ లోంచే వెనక్కి ప్రయాణించాలి. మానిటర్ పెడితే ఆ తిరుగు ప్రయాణం ఉండదు.

కేబుల్ దగ్గర మాత్రం పొదుపు చేయకండి. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు, ఇంత ఖర్చుపెట్టి ఫోన్ చార్జింగ్ వైరుతో సరిపెట్టేవాళ్లను చూశాను. అది చూడటానికి అచ్చం అలాగే ఉంటుంది గానీ, చాలా చార్జింగ్ వైర్లలో డేటా వేగం 480 ఎంబీపీఎస్ దాటదు. 40 జీబీపీఎస్ అని రాసి ఉన్న పొట్టి కేబులే వాడండి. డ్రైవర్లు వేసుకున్నాక విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌లోకి వెళ్లి మీ గేమ్‌ను ‘హై పెర్ఫార్మెన్స్’కి మార్చండి. లేకపోతే కొన్ని గేమ్‌లు కొత్త కార్డును పట్టించుకోకుండా పాత ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్‌తోనే నడుస్తాయి.

అసలు మీ ప్రశ్నలో నన్ను ఆపిన మాట గ్రాఫిక్స్ కార్డు కాదు, 8 జీబీ ర్యామ్. టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కండి. స్లాట్లు 2లో 1 వాడుతున్నట్టు కనిపిస్తే మీ ల్యాప్‌టాప్ ఒంటి చేత్తో పనిచేస్తున్నట్టే. మీది ఐరిస్ ఎక్స్ఈ అనే ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ ఉన్న ఐ5 అయితే దీనికి ఇంకో సాక్ష్యం కూడా దొరుకుతుంది: ఒకటే ర్యామ్ ఉంటే డివైస్ మేనేజర్ ఆ గ్రాఫిక్స్‌ను ఉత్త ‘యూహెచ్‌డీ గ్రాఫిక్స్’ అనే చూపిస్తుంది. రెండో స్లాటులో అదే సైజు, అదే వేగం ఉన్న ర్యామ్ పెట్టి చూడండి, పేరు ఐరిస్ ఎక్స్ఈగా మారుతుంది. మారేది పేరొక్కటే కాదు. ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి రెండు దారులు తెరుచుకోగానే గేమ్‌లో తేడా కంటికి తెలుస్తుంది. జీటీఏ 5 మీకు అక్కడే దారికి రావచ్చు. సైబర్‌పంక్‌కి ఎలాగూ కనీసం 12 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ కావాలని ఆ గేమ్ కంపెనీయే చెబుతోంది. బయట ఎంత మంచి కార్డు పెట్టినా 8 జీబీతో అది కుదురుగా నడవదు.

డబ్బా, అందులో పవర్ సప్లై లేకపోతే అదొకటి, కేబుల్, మానిటర్, ర్యామ్. వీటి ధరలన్నీ ఒక కాగితం మీద రాసి కూడండి. 170 వాట్ల కార్డుకి 500 వాట్లకు తక్కువ లేని పవర్ సప్లై లెక్క వేసుకోండి. ఆ మొత్తం చూశాక నేనైతే అన్నయ్యను కార్డు అడగను, మూలనున్న ఆ డెస్క్‌టాప్‌నే అడుగుతాను. కార్డు పుట్టిన చోటే ఉంటుంది, 16 లేన్లూ దానివే. హాస్టల్ గదిలో చోటు లేదు, సెలవులకు ఇంటికెళ్లినప్పుడే ఆడతానంటే మరీ మంచిది. ల్యాప్‌టాప్‌కి ర్యామ్ వేయించుకుని చదువుకి వాడుకోండి.

ప్రశ్న: మాది గుంటూరు. గేమింగ్ ల్యాప్‌టాప్‌లో జీటీఎక్స్ 1650 ఉంది, థండర్‌బోల్ట్ లేదు. ఎస్ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాటులోంచి ఆక్యులింక్ (పీసీఐఈ దారిని నేరుగా బయటికి తెచ్చే) కేబుల్ తీసి పెద్ద కార్డు పెట్టుకోవచ్చంటున్నారు, నిజమేనా?

జవాబు: నిజమే. పైగా ల్యాప్‌టాప్‌లో రెండో ఎం.2 స్లాటు ఖాళీగా ఉంటే, వేగం పరంగా ఇది థండర్‌బోల్ట్ 4 కంటే మెరుగైన దారి. ఆ స్లాటు 4 లేన్ల పీసీఐఈ 4.0 అయితే 64 జీబీపీఎస్ వస్తుంది, అంటే రెట్టింపు. పాత ప్రాసెసర్‌లో పీసీఐఈ 3.0 ఉంటే 32 జీబీపీఎస్ వస్తుంది. అయినా మధ్యలో థండర్‌బోల్ట్ కంట్రోలర్ ఉండదు కాబట్టి ఆలస్యం తక్కువ.

కానీ ఇది ఓపిక ఉన్నవాళ్ల పని. వెనక మూత ఎప్పుడూ కాస్త తెరిచే ఉంచాలి, లేదా కేబుల్ బయటికి రావడానికి దానికి కంత పెట్టాలి. వారంటీ ఉంటే ఆ పని చేయకండి. ఎం.2 అడాప్టరుతో ఆక్యులింక్‌ను నడుస్తుండగా పీకకూడదు, పెట్టకూడదు. ముందు కార్డు పవర్ సప్లై ఆన్ చేయాలి, తర్వాతే ల్యాప్‌టాప్. ఆపేటప్పుడు ముందు ల్యాప్‌టాప్ పూర్తిగా షట్‌డౌన్ కావాలి. ఇంట్లో కరెంటు పోతూ వస్తూ ఉంటే ఈ ఏర్పాటుకి యూపీఎస్ తప్పనిసరి అంటాను. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది, కార్డుకి లేదు. ఆట మధ్యలో కార్డు ఒక్కటే ఆగిపోతే సిస్టమ్ బిగుసుకుపోతుంది.

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాను. నా ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్‌లో థండర్‌బోల్ట్ పోర్టులున్నాయి. ఇక్కడ వాడిన డబ్బా చవకగా దొరుకుతోంది, కొననా?

జవాబు: గేమ్స్ కోసమైతే వద్దు. యాపిల్ 2018లో మ్యాక్‌ఓఎస్ 10.13.4తో బయటి కార్డులకు అవకాశమిచ్చింది. అదీ ఇంటెల్ మ్యాక్‌లలో, ఏఎండీ కార్డులకే. 2020లో ఎం1 వచ్చినప్పుడు ఆ సౌకర్యం తీసేసింది. పోర్టు ఉన్నా గేమ్‌లకు పనికొచ్చే డ్రైవర్ లేదు.

ప్రశ్న: రామగుండంలో ఉంటాం. గేమ్ మొదలుపెట్టిన అరగంటకే ల్యాప్‌టాప్ కాలిపోతూ స్లో అవుతోంది. బయటి కార్డు పెడితే వేడి తగ్గుతుందా?

జవాబు: కార్డు వేడి మాత్రమే బయటికి పోతుంది, ప్రాసెసర్ వేడి అలాగే ఉంటుంది. మీ ఊరి ఎండల్లో గదిలోని గాలే వేడిగా ఉంటుంది, ఫ్యాన్ లోపలికి లాగేదీ ఆ గాలినే. హద్దు దాటగానే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, మీకు కనిపిస్తున్న స్లో అదే. పరుపు మీద పెట్టి ఆడకండి, వెనక వైపు రెండు పుస్తకాలు పెట్టి ఎత్తండి. రెండు మూడేళ్లుగా విప్పకపోతే మెకానిక్ దగ్గర దుమ్ము తీయించి థర్మల్ పేస్ట్ మార్పించండి. తర్వాత గేమ్ సెట్టింగ్స్‌లో ఫ్రేమ్ రేట్‌ను 60కి కట్టేయండి. మీ తెర 60 హెర్ట్జ్‌దైతే అంతకు మించి గీసిన ఫ్రేములు మీకెలాగూ పూర్తిగా కనిపించవు, వేడి మాత్రం పుట్టిస్తాయి. ఇవన్నీ చేసి ఒక వారం ఆడి చూశాక ఇంకా స్లో అవుతుంటే, ల్యాప్‌టాప్ మోడల్ నంబరుతో మళ్లీ రాయండి.